కాలూచేయీ పడిపోయిన మనిషి ఇంటికొచ్చాక

డిశ్చార్జి కాగితాలు చేతికొచ్చే రోజున ఇంటివాళ్లు డాక్టరును అడిగేది ఒకటే: "సార్, చెయ్యీ కాలూ ఎప్పుడొస్తాయి?" కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా, కడప రిమ్స్‌లోనైనా, అనంతపురం సర్వజనాసుపత్రిలోనైనా ఇదే ప్రశ్న. అడగొద్దని కాదు. కానీ పక్షవాతం వచ్చిన మనిషిని నెల తిరక్కుండా మళ్లీ ఆసుపత్రికి చేర్చేవి చెయ్యీ కాలూ కావు. ఊపిరితిత్తుల్లోకి పోయిన అన్నం మెతుకు, నడుము కింద లేచిన పుండు, మూత్రంలో చీము, ఎవరో చెప్పారని ఆపేసిన బీపీ మాత్ర, స్నానాల గదిలో జారిపడటం. ఇంట్లో ఇవి సరిగ్గా చూసుకుంటే చెయ్యీ కాలూ తమ దారిన తాము కోలుకుంటాయి. మొదటి మూడు నెలల్లో ఆ కోలుకోవడం చురుగ్గా ఉంటుంది, ఆరు నెలల వరకూ బాగానే సాగుతుంది, తర్వాత నెమ్మదిస్తుందే గానీ ఆగిపోదు. ఆ విలువైన మూడు నెలల్ని జ్వరంతోనో పుండుతోనో పోగొట్టుకోవడమే అసలు నష్టం.

మొదట గొంతు సంగతి

పక్షవాతంలో మూతి వంకర పోవడం అందరికీ కనిపిస్తుంది. గొంతు లోపలి కండరాలు కూడా అలాగే చచ్చుబడి ఉండొచ్చన్నది మాత్రం కనిపించదు. తిన్నది అన్నవాహికలోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. పొలమారి దగ్గితే మనకు తెలుస్తుంది. కొందరికి దగ్గు కూడా రాదు, నిశ్శబ్దంగా లోపలికి పోతుంది. అందుకే వేరే గుర్తులు చూడాలి: తిన్న తర్వాత గొంతు తడితడిగా గరగరమనడం, కళ్లలో నీళ్లు తిరగడం, అన్నం ముందు కూర్చుంటే గంట పట్టడం, సాయంత్రాలు సన్నగా జ్వరం తగలడం. వీటిలో ఏది కనిపించినా నోటితో పెట్టడం ఆపి, మింగడం పరీక్ష చేయించాలి.

మన సీమలో దీనికి ఇంకో చిక్కుంది. సంగటి ముద్దను పులుసులోనో ఊరిబిండిలోనో అద్ది, నమలకుండా గుటుక్కున మింగడం పెద్దవాళ్ల అలవాటు. "సంగటి తింటేనే బలం వస్తుంది" అని ఇంటికొచ్చిన రెండోరోజే ముద్ద చేసి పెడతారు. గొంతు బలహీనంగా ఉన్నవాళ్లకు అంతకంటే ప్రమాదమైన తిండి లేదు. అది జారదు, విడిపోదు, అడ్డం పడిందంటే ఊపిరాడదు. అదే రాగిపిండిని గరిటె జారుగా, చెంచా వంచితే తేనెలా నెమ్మదిగా జారేంత చిక్కటి జావగా కాస్తే బాగా పనికొస్తుంది. అలాగే చారు పోసిన అన్నం, మజ్జిగన్నం తేలికనుకుంటారు. నోట్లో గట్టి మెతుకు ఒకవైపు, పల్చటి నీళ్లు ఒకవైపు విడిపోతాయి కాబట్టి ఇవే ఎక్కువగా పొలమారతాయి. అన్నం పెట్టాలంటే మెత్తగా ఉడికించి, పప్పుతోనో గడ్డ పెరుగుతోనో ఒకటే ముద్దగా అయ్యేదాకా మెదపాలి. బొరుగులు, వేయించిన బుడ్డలు (వేరుశెనగలు), కారప్పొడి చల్లినవి కొన్నాళ్లు పక్కన పెట్టండి. అన్నిటికంటే కష్టమైనది మంచినీళ్లు. వేగంగా జారిపోతాయి కాబట్టి బలహీనమైన గొంతు ఆపలేదు. నీళ్లు పొలమారుతుంటే ఎంత చిక్కగా ఇవ్వాలో మింగడం పరీక్ష చేసే థెరపిస్టు చెబుతారు, చిక్కబరిచే పొడి మందుల షాపుల్లో దొరుకుతుంది.

పెట్టేటప్పుడు మనిషి నిటారుగా కూర్చుని ఉండాలి. దిండుకు ఆనుకుని సగం పడుకున్నట్టు ఉంటే కుదరదు. పెట్టేవాళ్లు కూడా ఎదురుగా కూర్చోవాలి. నిలబడి పెడితే తల పైకెత్తుతారు, తల పైకెత్తితే శ్వాసదారి తెరుచుకుంటుంది. చిన్న చెంచా, అందులో సగం. నోట్లో బాగున్న వైపు పెట్టాలి. గడ్డం కాస్త కిందికి వంచి మింగమనాలి. గొంతుముడి పైకి లేచి కిందికి దిగడం కంటితో చూశాకే రెండో చెంచా. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడించకూడదు, టీవీ ఆపేయాలి. అయిపోయాక పడిపోయిన వైపు దవడలో వేలితో చూస్తే, రెండు మూడు మెతుకులు తప్పకుండా ఉంటాయి. ఆయనకు అక్కడ స్పర్శ లేదు కాబట్టి తెలియదు, పడుకున్నాక అవే గొంతులోకి జారతాయి. తీసేసి, నోరు కడిగించి, అరగంట కూర్చోబెట్టాకే పడుకోబెట్టాలి. రోజుకు రెండుసార్లు పళ్లు, నాలుక శుభ్రం చేయడం కూడా న్యుమోనియాను తగ్గించేదే. ముక్కులోంచి కడుపులోకి తిండి పోసే ముక్కుపైపు ఉన్నవాళ్లకూ ఇది తప్పదు.

ముక్కుపైపు ఉంటే భయపడక్కర్లేదు గానీ కొన్ని పద్ధతులున్నాయి. ముక్కు దగ్గర పైపు మీద ప్లాస్టరు ఉన్నచోట పెన్నుతో గీత పెట్టుకోండి. ఆ గీత బయటికి జరిగి కనిపిస్తే పైపు జరిగినట్టే, ఏమీ పోయకూడదు, మీరే లోపలికి తోయకూడదు. తల వైపు మంచం బాగా ఎత్తి, ముందు 30 మి.లీ. నీళ్లు, తర్వాత వడగట్టిన జావో పాలో పప్పుకట్టో సుమారు 200 మి.లీ., చివర మళ్లీ 30 మి.లీ. నీళ్లు. సిరంజి పిస్టన్ తీసేసి, గొట్టాన్ని పైకి పట్టుకుంటే దానంతట అదే దిగుతుంది. తోస్తే వాంతి అవుతుంది. మాత్రలు ఒక్కోటీ విడిగా మెత్తగా దంచి నీళ్లలో కలిపి ఇవ్వాలి. అయితే పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఎల్. అని ఉన్నవి దంచితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. అలాంటివి ఉంటే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి.

మంచం, వీపు

నులక మంచం, నవారు మంచం వద్దు. నడుము దగ్గర గుంట పడి మనిషి అందులో కూరుకుపోతాడు, పక్కకు తిప్పడం ఇద్దరికీ నరకమే. చెక్కబల్ల మంచం, మనిషి అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనే ఎత్తులో ఉండాలి, అంటే దాదాపు మోకాలెత్తు. ఎత్తు తక్కువైతే కాళ్ల కింద ఇటుకలు పెట్టడం కంటే వడ్రంగితో దిమ్మెలు కొట్టించడం మేలు, ఇటుక జారుతుంది.

గాలిపరుపు కొన్నాం కదా అని తిప్పడం మానేస్తారు. గాలిపరుపు ఉన్నా రెండు గంటలకోసారి పక్క మార్చాల్సిందే, రాత్రి కూడా. దాని మీద బొంత, దుప్పటి, రబ్బరు షీటు, మళ్లీ దుప్పటి పరిస్తే పరుపు పనిచేయదు. ఒక్క పల్చటి దుప్పటి చాలు. నడుము కింద పరుపు అడుగున అరచెయ్యి పెట్టి చూడండి: ఎముక చేతికి తగిలితే గాలి చాలదని అర్థం. వేసవిలో కరెంటు పోతే ఎంతసేపు గాలి నిలుస్తుందో ముందే ఒకసారి చూసుకోండి. తిప్పిన ప్రతిసారీ నడుము కింది ఎముక, తుంటి, మడమలు చూడాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది పుండు మొదలే. దాన్ని రుద్దకూడదు, పౌడర్లు దట్టించకూడదు, ట్యూబులాంటి రింగు కింద పెట్టకూడదు. ఆ వైపు బరువు పడకుండా చేయడమే మందు. మడమలకైతే పిక్కల కింద దిండు పెట్టి మడమను గాల్లో ఉంచాలి.

కాపడం గురించి ఒక మాట. స్పర్శ లేని చేతికి వేడి ఇటుకతోనో, ఇసుక మూటతోనో కాపడం పెట్టి బొబ్బలెక్కించడం మన పల్లెల్లో ఇంకా జరుగుతోంది. ఆయనకు కాలుతున్నట్టు తెలియదు. ఆ కాలిన పుండు మానడానికి షుగరు ఉన్నవాళ్లకు నెలలు పడుతుంది.

భుజం పోతే చెయ్యి పోయినట్టే

పడిపోయిన చేతి భుజాన్ని పట్టి ఉంచే కండరాలు వదులైపోతాయి, చేతి బరువుకు కీలు కిందికి జారుతుంది. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగినా, చంకల కింద చేతులేసి ఎత్తినా భుజం నొప్పి పుడుతుంది. ఒకసారి పుట్టిందంటే ఆయన చెయ్యి ముట్టుకోనివ్వడు, వ్యాయామం ఆగిపోతుంది. కాబట్టి కూర్చున్నప్పుడు ఒళ్లో దిండు వేసి దాని మీద చెయ్యి, పడుకున్నప్పుడు భుజం కింద మడిచిన తువ్వాలు. బిగుసుకుంటున్న గుప్పిట్లో రబ్బరు బంతి పెట్టి పిసకమనడం నాకు నచ్చని అలవాటు. ముడుచుకోవడం ఆ చేతికి ఇప్పటికే వచ్చు, రానిది విప్పడం. వేళ్లు విప్పి బల్ల మీద ఆనించే వ్యాయామం ఫిజియో దగ్గర నేర్చుకుని రోజూ చేయించండి.

మంచం నుంచి కుర్చీలోకి మార్చడం ప్రతి ఇంట్లో ఇద్దరి నడుములు విరగ్గొడుతోంది. కుడివైపు పడిపోయిందనుకుందాం. కుర్చీని ఆయనకు ఎడమవైపు, అంటే బాగున్న వైపు, మంచానికి ఆనించి కాస్త ఏటవాలుగా పెట్టాలి. చక్రాల కుర్చీ అయితే బ్రేకులు వేసి, కాళ్లు పెట్టే రేకులు పైకి మడవాలి. నడుముకు పాత నూలు పంచె నాలుగు మడతలు వేసి గట్టిగా ముడేయండి, పట్టుకోవడానికి అదే పిడి. ఆయన మంచం అంచుకు జరగాలి, పాదాలు మోకాళ్లకంటే కొంచెం వెనక్కి, నేల మీద బల్లపరుపుగా. మీరు ఎదురుగా నిలబడి మీ మోకాళ్లతో ఆయన కుడి మోకాలు ముందుకు కుప్పకూలకుండా అడ్డుపెట్టాలి. ఇప్పుడు పైకి లాగడం కాదు, ముందుకు వంచాలి. "నాయనా, ముక్కు మోకాళ్లు దాటేదాకా వంగు" అంటే పిరుదులు వాటంతటవే తేలికవుతాయి. ఒకటి, రెండు, మూడు అనగానే పంచె పట్టుకుని లేపి, ఎడమకాలి మీద చిన్నచిన్న అడుగులతో తిప్పి, పిక్కలకు కుర్చీ తగిలాకే కూర్చోబెట్టాలి. ఆయన మీ మెడ చుట్టూ చేతులేయడానికి ఒప్పుకోకండి. మధ్యలో కాలు జారితే ఇద్దరూ పడతారు.

చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. కర్ర ఎప్పుడూ బాగున్న చేతిలో, నిలబడి చెయ్యి వదిలితే మణికట్టు దగ్గరికి వచ్చే ఎత్తులో. ఇవి కంఠతా పట్టేయండి.

బండల ఇళ్లు

మన ఇళ్లలో కడప బండలు, బేతంచెర్ల బండలు. నునుపు చేసిన బండ మీద నాలుగు చుక్కలు పడితే చాలు, మామూలు మనిషికే కాలు జారుతుంది. స్నానాల గదిలో పాలిష్ లేని గరుకు బండ వేయించడం మంచిది, అప్పటిదాకా అడుగున పట్టుండే రబ్బరు చాప. గోనెపట్టాలు, పాత చీరల కాళ్లపట్టాలు అన్నీ తీసేయండి, ఈడ్చి నడిచే కాలు వాటిలోనే చిక్కుకుంటుంది. తువ్వాలు వేసే కమ్మీని పట్టుకుని లేస్తారు, అది ఊడొస్తుంది. గోడలోకి బోల్టులు దిగిన స్టీలు పైపు కావాలి, అదీ బాగున్న చేతివైపు. పాత మిద్దెల్లో గడప ఎత్తు. చక్రాల కుర్చీకి ఏటవాలు బండ వేయిస్తే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్క, ఆరంగుళాల గడపకు ఆరడుగులు. రెండడుగుల్లో వేసేసి "ర్యాంపు పెట్టించాం" అంటారు, దాని మీద కుర్చీ వెనక్కి తిరగబడుతుంది.

నేల మరుగుదొడ్డి మీద ఇక కూర్చోలేరు. దాని మీద సరిపోయే రంధ్రం కుర్చీ ఉంటే సరి. మూత్రం పైపు ఉంటే సంచి ఎప్పుడూ పొత్తికడుపుకంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు, మంచం మీదికి తిప్పేటప్పుడు ఒళ్లో పెట్టకూడదు. పైపు తీసేశాక పగలు రెండు గంటలకోసారి అడక్కుండానే తీసుకెళ్లడం అలవాటు చేస్తే చాలామందికి డైపరు అవసరం తగ్గుతుంది. మే నెల ఎండల్లో తడుపుతారని నీళ్లు తగ్గిస్తారు. మలబద్ధకం, మూత్రంలో మంట, మగత అన్నీ దాంతోనే వస్తాయి. తగ్గించాలంటే రాత్రి ఏడు తర్వాత తగ్గించండి.

మాట, మనసు

కుడివైపు పడిపోయినవాళ్లలో చాలామందికి మాట కూడా పోతుంది. తెలివి పోవడం అది కాదు. నీళ్లు కావాలనుకుని "చెప్పులు" అంటారు, అన్నది తప్పని వాళ్లకే తెలిసి మండిపడతారు. నీళ్లని అనలేని మనిషి బూతు మాత్రం స్పష్టంగా అనేస్తాడు, కోడళ్ల ముందు ఇంటివాళ్లు తల దించుకుంటారు. అలవాటుగా నోట్లో నుంచి వచ్చే మాటలకు మెదడులో దారి వేరు, అందుకే అవి మిగులుతాయి. వారాల పేర్లు, ఒకట్లు, కంఠతా వచ్చిన పద్యం, భజన కీర్తన కూడా అదే దారిలో వస్తాయి. రోజూ వాటితో మొదలుపెట్టండి. గట్టిగా అరవకండి, చెవుడు కాదు అది. ఒకరే మాట్లాడాలి, ఒక ప్రశ్నే అడగాలి, పది సెకన్లు ఆగాలి. "అన్నం తింటావా, టీ తాగుతావా, ఇంకాసేపు ఆగుతావా" అంటే మూడు ప్రశ్నలు. అవును, కాదు కూడా తారుమారవుతాయి. ముఖ్యమైన విషయమైతే తిప్పి అడిగి చూసుకోవాలి: "పొలం కౌలుకిద్దామా?" అన్నాక కాసేపాగి "కౌలుకు వద్దా?" అని. రెండింటికీ తల ఊపితే ఆ రోజుకు ఆపేయండి.

ఎడమవైపు పడిపోయినవాళ్లలో కొందరిది ఇంకో చిత్రం. మాట బాగుంటుంది, లోకంలో ఎడమ సగం ఉన్నట్టే తెలియదు. పళ్లెంలో కుడి సగం తిని "అయిపోయింది, ఇంకాస్త పెట్టు" అంటారు. తలుపు అంచుకు ఎడమ భుజం కొట్టుకుంటారు. నాకేమీ కాలేదని లేచి పడిపోతారు. మొండితనమనుకుని తిట్టేది ఎక్కువగా వీళ్లనే. పళ్లెం తిప్పి చూపించండి, పలకరించేటప్పుడు ఎడమవైపు నుంచి పలకరించి తల తిప్పించండి. బండి నడపనివ్వకండి, ఎంత బతిమాలినా.

కారణం లేకుండా ఏడవడం, నవ్వకూడని చోట నవ్వడం కూడా జబ్బులో భాగమే. చుట్టాలు వచ్చినప్పుడు ఇది ఎక్కువవుతుంది. వాళ్లూ ఏడ్చి, "ఫలానా ఊళ్లో పసరు మందు పోస్తారంట" అని చెప్పి పోతారు. మాట మార్చి, పని మీదికి దృష్టి మళ్లిస్తే ఆ ఏడుపు ఆగుతుంది. ఆగకుండా దిగులుగా ఉండి, తిండి మానేసి, వ్యాయామానికి లేవనంటే అది వేరే సంగతి, డిప్రెషన్. పక్షవాతం వచ్చిన ముగ్గురిలో ఒకరికి వస్తుంది, మందులున్నాయి. ధైర్యం చెబితే పోయేది కాదు.

ఆయన ఎదుటే "తిన్నాడా? పోశాడా?" అని ఒకరినొకరు అడగడం మానాలి. ఆయన్నే అడగాలి. ఇంకో విషయం ఇళ్లలో ఎవరూ పైకి అనరు: మామకు స్నానం, మరుగు పనులు కోడలి మీద వేయడం ఇద్దరికీ నరకమే. అవి కొడుకులు చేయాలి. నేర్చుకోవడానికి పూట చాలు. రాత్రి పక్క మార్చే పని ఎవరిదో, ఫిజియో దగ్గరికి ఎవరు తీసుకెళ్లాలో, బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న కొడుకు నెలకు ఎంత పంపాలో కాగితం మీద రాసుకోండి. రాయకపోతే మొత్తం భార్య మీదో పెద్దకోడలి మీదో పడుతుంది. ఫిజియోథెరపీ కోసం అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కర్నూలు వాళ్లు హైదరాబాదుకు పరిగెత్తడం కంటే, పక్క వీధిలో రోజూ చేయించే ఫిజియో మేలు. దానిలో ఫలం రోజూ చేయడంలోనే ఉంది.

మందులు, మళ్లీ వస్తే

బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, రక్తం పలచన చేసే మాత్రల్లో డాక్టరు రాసిచ్చినవి సాధారణంగా జీవితాంతం. నాటుమందు పథ్యం పేరుతో వీటిని ఆపించేవాళ్లుంటారు. అక్కడే రెండో పక్షవాతం కాచుకుని ఉంటుంది. బీపీ బాగున్న చేతికి, అయిదు నిమిషాలు కూర్చోబెట్టాక చూడాలి. మాత్ర వేసుకున్నాక బీపీ మామూలుగా ఉందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం, అక్కర్లేదని కాదు. ఉప్పు రోజుకు చెంచాడు, అంటే 5 గ్రాములు, కూరలోదీ అందులోనే. ఊరగాయ, చల్ల మిరపకాయలు, అప్పడాలు ఆ లెక్కలో ఇమడవు. రక్తం పలచన చేసే వార్ఫరిన్ వాడుతున్నవాళ్లు ఆకుకూర పప్పు మానక్కర్లేదు, ఒక వారం రోజూ, ఇంకో వారం అసలు లేకుండా తినకూడదు. రక్తం ఎంత పలచబడిందో చూసే ఐ.ఎన్.ఆర్. పరీక్ష తప్పకూడదు.

కొందరికి తర్వాత ఫిట్స్ వస్తాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు పెట్టకూడదు. మళ్లీ మూతి వంకరపోయినా, మాట తడబడినా, బాగున్న చెయ్యి జారినా 108కి ఫోన్ చేసి, సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలి. రక్తపు గడ్డ కరిగించే సూది వేసేది పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపే. చివరిసారి బాగున్నట్టు చూసిన సమయం చెప్పగలిగితేనే డాక్టరు లెక్క కట్టగలడు. ఇంట్లోనే యాస్పిరిన్ వేయకండి, మెదడులో రక్తం కారిందో గడ్డకట్టిందో స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. నీళ్లు కూడా పట్టకండి.

కాగితాల పని చివరికి వదిలేస్తారు గానీ నెల తిరిగేలోపు మొదలుపెట్టాలి. ఎవరికి ఎంత అప్పిచ్చాడో, కౌలు ఎంతో ఆయన మనసులోనే ఉంటాయి, మాట కాస్త వచ్చిన రోజల్లా కొంచెం రాసుకోండి. సంతకం చేసే చెయ్యి పడిపోతే బ్యాంకులో వేలిముద్రతో డబ్బు తీయొచ్చు, బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి. ఆయన రాలేకపోతే ఇంటికి రమ్మని మేనేజరును అడగండి. వైకల్యం సర్టిఫికెట్‌కు మీ ఊరి సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు తీసుకోవాలి, 40 శాతం ఉంటేనే లెక్క. ఎన్టీఆర్ భరోసాలో వికలాంగుల పింఛను నెలకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాతం వాళ్లకు 15,000. స్కాన్ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ అసలు కాగితాలు లామినేషన్ చేయించకండి, జెరాక్సులు తీసి పెట్టుకోండి. రిటైరైన ఉద్యోగి అయితే ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌ను జీవన్ ప్రమాణ్ ద్వారా ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోనుంచే ఇవ్వొచ్చు, ఖజానా ఆఫీసు దాకా ఆటోలో ఈడ్చుకెళ్లనక్కర్లేదు.